‘ఏం కాదులే’ అని చెప్పి పంపితే అది థెరపీ కాదు: నెల్లూరు, ఒంగోలు వైపు ఓసీడీ వైద్యంపై సమీక్ష

చేపల పులుసు ఎట్టా ఉందో మొదటి ముద్దకే చెప్పేయొచ్చు. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) వైద్యానికి ఆ లెక్క పనిచేయదు. కౌన్సెలింగ్ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ‘అమ్మయ్య, మనసు తేలికైంది’ అనిపించిందంటే చాలాసార్లు ఆ రోజు ఫీజు దండగైనట్టే. ‘ఇదెక్కడి వైద్యమబ్బా’ అని లోపల తిట్టుకుంటూ, చేతులు కడుక్కోవాలని గుంజులాడుతూ ఇంటికొచ్చిన రోజే అసలు పని మొదలై ఉంటుంది. ఓపిగ్గా వింటారు, ధైర్యం చెబుతారు, మంచి మనిషి అని ఐదు చుక్కలు పడిన చోట ఓసీడీకి కావాల్సిన వైద్యం అసలు లేకపోవచ్చు. అందుకే ఇక్కడ ఫలానా క్లినిక్ బాగుంది, ఫలానాది బాగాలేదు అనడం కంటే, దొరికే సేవల్లో దేన్లో ఏముంది, ఏది లేదు అన్నది చూద్దాం.

ముందు జబ్బేమిటో తేలాలి. మన ఇళ్లలో దీనికి వాడే మాటలు చాదస్తం, పట్టింపు, శుభ్రం పిచ్చి. ఏదీ సరిపోదు. మడి కట్టుకుని వంట చేసే పెద్దావిడకు మడి పూర్తయ్యాక తృప్తి ఉంటుంది, ఆ పని తన ఇష్టం కూడా. ఓసీడీ ఉన్న మనిషికి పదోసారి కడిగినా తృప్తి రాదు. కడగడం అనవసరమని తనకే తెలుసు, అయినా ఆగలేడు. పిలవకుండా వచ్చి కూర్చునే ఆలోచననో, బొమ్మనో, అనుమానాన్నో అబ్సెషన్ అంటారు. దానివల్ల పుట్టిన భయాన్ని దించుకునేందుకు చేసే పని కంపల్షన్. ఈ రెండూ కలిసి రోజుకు గంటకు మించి తినేస్తుంటే, లేదా చదువునీ కాపురాన్నీ ఉద్యోగాన్నీ చెడగొడుతుంటే అప్పుడది జబ్బు. వందమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారు.

కడగడం ఒక్కటే ఓసీడీ అనుకోవడం వల్ల చాలామంది తమకున్నది ఓసీడీ అని తెలియకుండానే ఏళ్లు గడిపేస్తారు. హైవే మీద బండి గుంతలో ఎగిరితే ‘ఎవర్నయినా గుద్దానేమో’ అని మూడు కిలోమీటర్లు వెనక్కి వెళ్లి రోడ్డంతా చూసి రావడం, మర్నాడు జిల్లా పేజీలో ప్రమాదాల వార్తలన్నీ వెతకడం ఓసీడీయే. నమాజుకు ముందు కడుక్కునే వుజూలో ఒక చోట నీళ్లు తగల్లేదేమోనని మళ్లీ మళ్లీ మొదలుపెట్టి నమాజు టైము దాటిపోవడం, గుళ్లో దండం పెడుతుండగా దేవుడి మీద బూతు ఆలోచన వచ్చి చెంపలేసుకుంటూ కూర్చోవడం కూడా అదే. నెల్లూరు హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లల్లో ఇది చదువు వేషం వేసుకొస్తుంది. ఒకే పేరా నలభైసార్లు చదవడం, అక్షరం వంకర పోయిందని పేజీ చించి మళ్లీ రాయడం, ఓఎమ్మార్ షీటులో దిద్దిన బుడగనే దిద్దుతూ టైమంతా పోగొట్టుకోవడం. లెక్చరర్‌కు అది నెమ్మదితనంగా కనిపిస్తుంది, అమ్మానాన్నలకు బద్ధకంగా. ఎక్కువమందిలో జబ్బు మొదలయ్యేది పదేళ్లకూ ఇరవై అయిదేళ్లకూ మధ్యనే.

బాలింతల సంగతి విడిగా చెప్పాలి. ‘కత్తిపీటతో బిడ్డకేమైనా చేసేస్తానేమో’ అనే ఆలోచన వచ్చి, భయంతో కత్తిపీట అటక మీద పెట్టేసి, బిడ్డను ఎత్తుకోవడమే మానేసిన తల్లి రాక్షసి కాదు. ఆ ఆలోచన అంటే ఆమెకే అసహ్యం, ఓసీడీకి గుర్తు అదే. ఇలాంటి ఆలోచనలున్న తల్లి దాన్ని నిజంగా చేయడానికి కోరుకోదు, దాన్నుంచి పారిపోవడానికి చూస్తుంది. కానీ కాన్పయిన మొదటి వారాల్లో రాత్రంతా నిద్ర లేకుండా, చెవిలో మాటలు వినపడుతున్నాయనో, బిడ్డలో ఏదో దూరిందనో నమ్మకంగా చెబుతుంటే అది వేరే జబ్బు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, బిడ్డతో ఒంటరిగా వదలకూడదు.

కంపల్షన్ చేయగానే భయం తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ తగ్గుదల రోజువడ్డీకి తెచ్చిన అప్పులాంటిది. అవసరం ఇప్పటికి తీరుతుంది, రేపటికి అప్పు పెరుగుతుంది. ‘కడిగాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసుకుంటుంది, తర్వాతిసారి ఇంకాస్త గట్టిగా అడుగుతుంది. సరైన థెరపీ చేసేది ఈ వడ్డీ కట్టడం ఆపించడం. దాని పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, క్లుప్తంగా ఈఆర్‌పీ. భయపెట్టేదానికి మెట్టుమెట్టుగా ఎదురెళ్లడం, వెళ్లాక కంపల్షన్ చేయకుండా ఉండడం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగుల మీద ఈ పద్ధతి ఫలితాన్ని ప్రచురించేదాకా ఓసీడీ మాటలతో లొంగని జబ్బుగానే ఉండేది. అరవై ఏళ్లవుతున్నా మన దగ్గర చాలాచోట్ల ఇంకా మాటలతోనే నెట్టుకొస్తున్నారు.

మొదటి విజిట్ మంచిదో కాదో తేల్చే గుర్తు ఒకటుంది: ఓసీడీ తీవ్రతను కొలిచే వై-బాక్స్ స్కేలు వేశారా లేదా. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. ఐదు ప్రశ్నలు ఆలోచనల గురించి, ఐదు పనుల గురించి. 8 నుంచి 15 దాకా తక్కువ స్థాయి, 16 నుంచి 23 మధ్యస్థం, 24 నుంచి 31 తీవ్రం, 32, ఆపైన అతి తీవ్రం. దీనితోపాటు లక్షణాల పట్టిక ఒకటి ఉంటుంది. సెక్సు గురించి, దేవుడి గురించి, హింస గురించి సిగ్గుతో దాచుకున్న ఆలోచనలు అది చదివి వినిపిస్తేనే బయటపడతాయి. ‘నాలాంటి ఆలోచన పట్టికలో ముందే అచ్చయి ఉందా’ అన్న ఆశ్చర్యమే సగం సిగ్గును తీసేస్తుంది. ఇది వేయకుండా ‘టెన్షన్ ఎక్కువగా ఉంది’ అని చీటీ రాసిచ్చిన చోట, ఆరు నెలల తర్వాత తగ్గిందో లేదో చెప్పే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు. అంకె ఉంటే లెక్క సులభం. 35 శాతం తగ్గితే వైద్యం పనిచేసినట్టు, అంటే 28 నుంచి 18కి రావాలి. 12కో అంతకన్నా కిందికో దిగి అక్కడే నిలబడితే జబ్బు దాదాపు అణిగినట్టు. డిప్రెషన్ ఉందా, చచ్చిపోవాలనే ఆలోచనలున్నాయా, గతంలో విపరీతమైన హుషారు, నిద్ర అక్కర్లేని రోజులు వచ్చాయా అని కూడా అడగాలి. చివరిది బైపోలార్ జబ్బు గుర్తు. అది ఉన్నవాళ్లకు ఓసీడీ మాత్రలు అట్టాగే ఇస్తే తిరగబడతాయి.

మాత్రల విషయంలో ఎక్కువ నష్టం చేసేది తొందర. ఓసీడీకి మొదట వాడేవి డిప్రెషన్‌కూ ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు: ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవోక్సమిన్, ఎస్సిటాలోప్రామ్. డిప్రెషన్‌కు సరిపోయే డోసు దీనికి చాలదు. సెర్ట్రాలిన్ 50 మిల్లీగ్రాములతో మొదలై 200 దాకా, ఫ్లూఆక్సెటిన్ 20తో మొదలై 60, ఒక్కోసారి 80 దాకా, ఫ్లూవోక్సమిన్ 300 దాకా డాక్టరే మెల్లగా పెంచాలి. పూర్తి డోసులో 8 నుంచి 12 వారాలు చూస్తేగానీ పనిచేసిందో లేదో చెప్పలేం. మొదటి రెండు వారాల్లో కడుపులో తిప్పుతుంది, నిద్ర పాడవుతుంది, గాభరా కాస్త పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ‘ఈ మాత్రలు పడలేదు’ అని మానేసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన ఇంకో మాత్ర 50తో మొదలుపెడతాడు. నలుగురు డాక్టర్లు, నాలుగు మాత్రలు, ఒక్కటీ సరైన డోసుకు చేరలేదు. ‘మందులకు లొంగని ఓసీడీ’ అని ఫైలు మీద రాసుకుని తిరిగేవాళ్లలో ఇలాంటివాళ్లు బోలెడంత మంది. పాత చీటీలన్నీ తేదీ వరసలో ఒక కాగితం మీద రాసుకోండి, ఏ మందు, ఎంత డోసు, ఎన్ని వారాలు అని. ఆ ఒక్క కాగితం డాక్టరుకు అరగంట పని తగ్గిస్తుంది.

రెండు ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు సరిగ్గా వాడినా తగ్గకపోతే క్లోమిప్రమిన్ ఉంది. నోరు ఎండుతుంది, మలబద్ధకం ఉంటుంది, ఈసీజీ చూసి ఇవ్వాలి. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి చిన్న డోసులో కలుపుతారు. మెడికల్ షాపులో ఎవరో ‘ఇది పెద్ద పిచ్చికిచ్చే మాత్ర’ అన్నారని ఆపేయకండి. అల్ప్రాజోలం, క్లోనాజెపాం లాంటి నిద్రమాత్రల కోవవి మాత్రం ఓసీడీని తగ్గించవు. ఆ రాత్రికి మగత ఇస్తాయి, అలవాటవుతాయి, ఈఆర్‌పీ చేసేముందు వేసుకుంటే నేర్చుకోవాల్సినదాన్ని మెదడు నేర్చుకోనివ్వవు. చీటీలో ఇవి తప్ప ఇంకేమీ లేకపోతే అది ఓసీడీ చీటీ కాదు. తగ్గాక కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించి, నెలల తరబడి కొంచెం కొంచెంగా దించుతారు. ఊరెళ్లి మాత్రలు మరిచిపోతే వచ్చే తల తిప్పు, ఒంట్లో కరెంటు జివ్వుమన్నట్టు ఉండడం జబ్బు కాదు, మందు ఒక్కసారిగా ఆగిన ఫలితం.

ఇక ఈఆర్‌పీ. డబ్బులు పెట్టాల్సింది దీనికి. 12 నుంచి 20 సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాల నుంచి గంటన్నర, మొదట్లో వారానికి ఒకటో రెండో. కానీ అసలు పని రెండు సెషన్ల మధ్య ఇంట్లో జరుగుతుంది, రోజుకు ముప్పావుగంట నుంచి గంట. మొదట నిచ్చెన రాస్తారు. భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు. మురికి భయం ఉన్న మనిషికి ఇట్టా ఉండొచ్చు: ఇంటి గేటు గడియ 20, బయట విడిచిన చెప్పుల అడుగు 40, ఆర్టీసీ బస్సులో పట్టుకునే కమ్మీ 55, బస్టాండు మరుగుదొడ్డి గొళ్లెం 75, ఆస్పత్రి ఓపీ బెంచీ 90. మొదలు 30, 40 దగ్గర పెట్టాలి. వేలికొసతో తాకి తీసేయడం లెక్కలోకి రాదు. అరచేయి మొత్తం ఆనించాలి, ఆ చేత్తోనే చొక్కా, ఫోను, దిండు తాకాలి. అంటే ‘ఇది శుభ్రమైన చోటు’ అని ఇంట్లో గీసుకున్న గీతలన్నీ చెరిపేయాలి. తర్వాత రెండు గంటలు కడగడం లేదు, శానిటైజర్ లేదు, తడిగుడ్డ లేదు. భయం పూర్తిగా దిగేదాకా కూర్చోవాలనే పాత నియమాన్ని ఇప్పుడు చాలామంది అంత గట్టిగా పట్టుకోవడం లేదు. భయం ఉన్నా కంపల్షన్ లేకుండా గడిపేయవచ్చని తెలిస్తే చాలు. చేసేముందు ‘ఏమవుతుందనుకుంటున్నావు’ అని రాయించి, మర్నాడు ‘ఏమైంది’ అని రాయించే థెరపిస్టు దొరికితే వదలొద్దు. మామూలు కడుగుడుకు కూడా నియమం ఉంటుంది. తినేముందు, మరుగుదొడ్డికి వెళ్లాక, ఒక్కసారి సబ్బు, 20 సెకన్లు, అంతే. వాడిన సూదులు పట్టుకోమనో, మురిక్కాలవ నీళ్లు తాకమనో ఎవరూ అనరు, అంటే అది ఈఆర్‌పీ కాదు.

గ్యాస్ దగ్గర పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. రెగ్యులేటర్ ఒక్కసారి తిప్పడం, వెనక్కి తిరిగి చూడకుండా తాళం వేసి వెళ్లిపోవడం. ఇప్పుడు కొత్త తెలివొకటి వచ్చింది, రెగ్యులేటర్‌కు ఫోన్లో ఫోటో తీసి బస్సులో పదిసార్లు చూసుకోవడం. ఫోటో కూడా కంపల్షనే. పైకి ఏమీ చేయకుండా లోపలే బాధపడేవాళ్లకు ఫోన్లో మాట రికార్డు చేయిస్తారు. ఆ బాలింత అయితే, ‘నేను బిడ్డకు హాని చేయనని నాకు నూటికి నూరుపాళ్ల గ్యారంటీ ఎప్పటికీ దొరక్కపోవచ్చు’ అని తన గొంతుతోనే. రోజూ 20, 30 నిమిషాలు అదే పదేపదే వినడం, వింటూ లోపల స్తోత్రం చదవకపోవడం. పది రోజులకు ఆ వాక్యం విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టిందంటే పని అవుతున్నట్టు. ఆ తర్వాత కత్తిపీట అటక దిగుతుంది, బిడ్డ అదే గదిలో ఉండగా ఆమె వంకాయలు తరుగుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. ధైర్యం చూపించాలని మొదటిరోజే 90 మెట్టెక్కిస్తే మనిషి రెండో సెషన్‌కు రాడు. కమ్మీ పట్టుకుంటూ ‘ఇంటికెళ్లాక స్నానం చేస్తాగా’ అని లోపల అనుకుంటే ఆ సాధన ఖాతాలో పడదు. ఊపిరి వ్యాయామం, జపం, పాటలు వినడం మామూలప్పుడు మంచివే, ఎక్స్‌పోజర్ మధ్యలో చేస్తే అవే కొత్త కంపల్షన్లు. చేతికి రబ్బరు బ్యాండు వేసుకుని చెడు ఆలోచన రాగానే చురుక్కుమనిపించుకోమనే సలహా ఇప్పటికీ కొందరిస్తున్నారు. ఆలోచనను తోసేకొద్దీ అది ఎక్కువ వస్తుంది, ఆ బ్యాండు కూరగాయల సంచికి పనికొస్తుంది. అన్నిటికంటే పెద్ద తప్పు థెరపిస్టే ‘ఏం కాదు, నాది గ్యారంటీ’ అనడం. రోగి ఆ గ్యారంటీ కోసం వారం వారం వస్తాడు.

ఆ గ్యారంటీ ఇంట్లోనూ సరఫరా అవుతుంది. ‘అమ్మా, తాళం వేశానా?’ అంటే ‘వేశావురా’ అని రోజుకు ముప్పైసార్లు చెప్పే తల్లి, బయటినుంచి రాగానే పంపు కింద కాళ్లు కడిగి లోపలికి వచ్చే నాన్న, వారానికి ఎనిమిది సబ్బులు తెచ్చిచ్చే భర్త ప్రేమతోనే చేస్తున్నారు. జబ్బు ఆ ప్రేమ తిని పెరుగుతుంది. అట్టాగని మోటారు ఆపేసి, సబ్బులు దాచేసి, ‘ఏందిరా ఇది’ అని అరిస్తే ఇల్లు రణరంగమవుతుంది. మంచి సర్వీసులో ఇంటివాళ్లకు కనీసం రెండు సెషన్లు ఉంటాయి. రోగితో ముందే మాట్లాడుకుని, ఈ వారం రోజుకు మూడుసార్లే జవాబు, వచ్చేవారం ఒక్కసారే అని దించుతారు. అడిగినప్పుడు చెప్పాల్సిన మాట కూడా నేర్పిస్తారు: ‘ఇది ఓసీడీ అడుగుతోందయ్యా, దానికి నేను జవాబు చెప్పను. నీ పక్కన మాత్రం కూర్చుంటాను.’

ఇప్పుడు దొరికే చోట్లు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులు రెండూ మెడికల్ కాలేజీలకు అనుబంధం. రోగనిర్ధారణకూ మాత్రలకూ ప్రభుత్వ సైకియాట్రీ ఓపీ నిక్షేపంగా పనికొస్తుంది. నెలనెలా కొనలేక మధ్యలో మానేసే ప్రమాదం తగ్గుతుంది. అక్కడ స్టాకు లేని మందు జన ఔషధి షాపులో అడగండి. కానీ ఏ ప్రభుత్వ ఓపీలోనైనా వరసలో వందమంది ఉండగా ఒక్కరికి ముప్పావుగంట ఇవ్వడం అయ్యే పని కాదు, ఆ పూట ఈఆర్‌పీ ఆశించకండి. క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా, ఏ రోజు ఉంటారు అని ఓపీలోనే అడిగి రాసుకోండి. కనిగిరి, ఉదయగిరి లాంటి దూరాల నుంచి వచ్చేవాళ్లు ఇది తెలుసుకోకుండా వస్తే రోజు కూలీ పోతుంది.

టెలి మానస్, 14416: ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పకుండా మొదటిసారి నోరు విప్పేందుకు దీన్ని మించింది లేదు. ఫోన్ చేసేముందు రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి: వచ్చే ఆలోచన ఏది, దానికి చేసే పని ఏది. లేకపోతే మాట డిప్రెషన్ వైపు, ఇంటి గొడవల వైపు జారిపోతుంది. అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు, దగ్గరి ఆస్పత్రి చెబుతారు. వారం వారం ఒకే మనిషితో నిచ్చెన ఎక్కించే ఏర్పాటు మాత్రం కాదిది. రాత్రి రెండింటికి ‘నేను మంచివాణ్నేనా’ అని అడిగేందుకు రోజూ దానికి ఫోన్ చేస్తే అదే కంపల్షన్‌గా మారుతుంది, జాగ్రత్త.

ఆన్‌లైన్ ఈఆర్‌పీని మన జిల్లాల వాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, ఓసీడీకి అది కొన్ని విషయాల్లో క్లినిక్ కంటే మేలు. గ్యాస్ పొయ్యి, బాత్రూము, పూజగది ఇంట్లోనే ఉంటాయి. థెరపిస్టు వీడియోలో చూస్తుండగానే చెప్పుల అడుగు తాకొచ్చు. కావాల్సింది తలుపు వేసుకునే గది, ఆగని నెట్టు. ఉమ్మడి ఇంట్లో మొదటిదే కష్టం, కొందరు కారులో కూర్చుని మాట్లాడతారు, మాట్లాడే భాగానికి అదీ సరిపోతుంది. పేరు పక్కన సైకాలజిస్టు అని ఉంటే సరిపోదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా ఉన్నారా అన్నది దాని వెబ్‌సైట్‌లో నంబరుతో చూసుకోవచ్చు.

నాలుగైదు నెలలు సరైన డోసు, సరైన ఈఆర్‌పీ రెండూ అయ్యాక కూడా స్కోరు 24 కిందికి రాకపోతే బయటికి వెళ్లాల్సిందే. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. చేర్చుకుని రోజూ థెరపీ చేసే పద్ధతి మొండి కేసులకు అక్కడ పనికొస్తుంది. వెల్లూరు సీఎంసీ మానసిక వైద్య విభాగం ఊళ్లోని పెద్దాస్పత్రిలో కాదు, బాగాయంలో ఉంటుంది. గూడూరు, రేణిగుంట మీదుగా రైల్లో వెళ్లి కాట్పాడిలో దిగేవాళ్లు ఆటోవాడికి ఆ పేరే చెప్పాలి. ఈ రెండు చోట్లకూ మొదటిసారే పరిగెత్తేవాళ్లున్నారు, మధ్యస్థపు ఓసీడీకి అంత ప్రయాణం అక్కర్లేదు.

ఎవరి దగ్గర బుక్ చేసుకోవాలన్నా ముందు ఫోన్లో ఈ నాలుగు అడగండి. ఓసీడీకి ఏ పద్ధతిలో చేస్తారు? సెషన్‌లోనే ఎక్స్‌పోజర్ చేయిస్తారా, ఇంటికి పని ఇస్తారా? వై-బాక్స్ ఎన్ని వారాలకోసారి వేస్తారు? ఇంటివాళ్లతో మాట్లాడతారా? ‘ముందు మీ చిన్నప్పటి విషయాలన్నీ మాట్లాడి మూలం కనుక్కుందాం’ అని జవాబొస్తే మర్యాదగా ఫోన్ పెట్టేయండి. ‘మీకు కాస్త ఇబ్బందిగా ఉండే పనులు చేయిస్తాం, ఏది ఎప్పుడన్నది మీరూ నేనూ కలిసే నిర్ణయిస్తాం’ అంటే అపాయింట్‌మెంట్ రాయించుకోండి, ఆ మొదటిరోజు పాత చీటీల కాగితం, ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు పోతున్నాయో వారం రోజుల లెక్క వెంట తీసుకెళ్లండి.